నాలుగో గొళ్ళెం

దెయ్యాల సినిమా చూస్తూ భయపడ్డవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. దానివల్ల వాళ్ళకు మేలు జరగకపోగా కీడే ఎక్కువ. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. బొమ్మ మాయమయ్యేసరికి ఆ చప్పుడు దేనిదో మన మనసే ఊహించుకోవలసి వస్తుంది, మనసు గీసుకునేంత భయంకరమైన బొమ్మను ఏ దర్శకుడూ తీయలేడు. అదే చెవులు మూసుకుని, కళ్ళు తెరిచి చూడండి. మొహానికి తెల్లరంగు పూసుకున్న ఒక నటి మెట్లు దిగుతూ ఉంటుంది. ఆవిడ మీద కాస్త జాలి కూడా కలుగుతుంది.

ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తోస్తూనే ఉన్నా, చేతులారా పనిచేసి తెలుసుకునే అవకాశం ఆ మధ్యనే వచ్చింది. మా అక్క కొడుకు, సినిమా పిచ్చి బాగా ముదిరినవాడు, పదకొండు నిమిషాల దెయ్యం సినిమా ఒకటి తీశాడు. పక్షుల కూతలూ వానచప్పుళ్ళూ రికార్డు చేసుకుంటూ తిరిగే అలవాటు నాకుంది కాబట్టి శబ్దాల పని నాకు అప్పజెప్పాడు. సినిమా తీసింది గవర్నర్‌పేటలో మా అమ్మమ్మగారి ఇంట్లో. ఆ ఇల్లు అప్పటికే బేరమైపోయింది. రెండు నెలల్లో పడగొట్టి అపార్ట్‌మెంటు కడతారు. ఖాళీ ఇల్లు, అద్దె లేదు, అడిగేవాళ్ళు లేరు. వాడికి అంతకంటే ఏం కావాలి?

ముందు కథ చెప్పాలి. ఒక కుర్రాడు పాత ఇంట్లో మిగిలిన నాలుగు పెట్టెలూ సర్దుకోవడానికి వచ్చి ఒక రాత్రి అక్కడే పడుకుంటాడు. ఆ ఇంట్లో గదులు రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. వీధి తలుపు, సావిడి తలుపు, వంటింటి తలుపు, దొడ్డితలుపు. బతికున్నన్నాళ్ళూ వాళ్ళ అమ్మమ్మ రోజూ రాత్రి ఆ నాలుగింటికీ వరసగా గొళ్ళెం పెట్టి, పడిందో లేదో అని ప్రతిదాన్నీ రెండుసార్లు లాగి చూసేది. ఆ రాత్రి కుర్రాడికి చీకట్లో వీధి తలుపు గొళ్ళెం పడ్డ చప్పుడు వినిపిస్తుంది. ఆపైన రెండుసార్లు లాగిన చప్పుడు. కాసేపటికి సావిడి తలుపు. ఆ తర్వాత వంటిల్లు. నాలుగోది వాడు పడుకున్న గదికి ఆనుకునే ఉంది.

అంతే కథ. దెయ్యం కనిపించదు. అందుకు వాడు చెప్పిన కారణం మేకప్‌కు డబ్బుల్లేకపోవడం. నేను మాత్రం లోలోపల సంతోషించాను.

వాడు మొదట నాకు చూపించిన కూర్పులో శబ్దాలన్నీ ఇంటర్నెట్ నుంచి దించుకున్నవి. కర్రతలుపు కిర్రుమనడం, పియానో మెట్లమీద దభీమని చెయ్యి వేసినట్టు ఒక మోత, ఎక్కడో తోడేలు ఊళ.

"గవర్నర్‌పేటలో తోడేలు ఎక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నాను.

"ఎఫెక్టు కోసం మావయ్యా."

"బీసెంటు రోడ్డు దాటి ఇంతదూరం రావాలంటే ఆ జనంలో తోడేలే జడుసుకుంటుంది కదరా."

వాడు నవ్వాడు గాని, వాడి ప్రశ్న న్యాయమైనదే. తోడేలు లేకుండా ప్రేక్షకుణ్ణి భయపెట్టడం ఎలా? పెద్ద మోతకు ఎవరైనా ఉలిక్కిపడతారు, కాని ఉలికిపాటు వేరు, భయం వేరు. ఉలికిపాటు ఒంటికి సంబంధించింది, రెండు క్షణాల్లో పోతుంది. భయానికి ముందు నుంచీ ఒక అనుబంధం కావాలి. మనకు తెలిసిన చప్పుడు రాకూడని చోట వినిపిస్తేనో, రావలసిన వేళకు రాకపోతేనో భయం పుడుతుంది. తోడేలుతో మా ఇంట్లో ఎవరికీ పరిచయం లేదు.

ఈ కిటుకు రేడియో నాటకాలవాళ్ళకు బాగా తెలుసు. బెజవాడలో రేడియో స్టేషను 1948 డిసెంబరు 1న మొదలైంది. నండూరి సుబ్బారావు గారు, సి. రామమోహనరావు గారు వంటివారి గొంతుల్ని మా ఇంట్లో చుట్టాల గొంతుల్లా గుర్తుపట్టేవాళ్ళం. రేడియోలో ఒక ఇబ్బంది ఉంది. వాన కురుస్తున్న చప్పుడూ, బాణలిలో వేపుడు చప్పుడూ ఇంచుమించు ఒకలాగే వినిపిస్తాయి. అందుకని నాటకంలో ముందే ఒక పాత్రచేత "అబ్బ, ఏం వానండీ" అనిపిస్తారు. ఆ మాటతో ఆ చప్పుడు వాన అయిపోతుంది. ఒక పెద్దాయన చేతికర్ర చప్పుడును ఒకటి రెండు సార్లు ఆయన మాటకు ముడిపెట్టి వినిపించారనుకోండి, మూడోసారి మాట అక్కర్లేదు. కర్ర చప్పుడు వినబడగానే మనిషి గదిలోకి వచ్చేసినట్టే. ఆయన పోయాడని చెప్పిన తర్వాత ఆ కర్ర చప్పుడు మళ్ళీ వినిపిస్తే? భయపెట్టడానికి అంతకుమించిన సరంజామా ఏం కావాలి!

సినిమావాళ్ళు కూడా ఈ దారిని తొలిరోజుల్లోనే కనిపెట్టారు. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన 'ఎం' అనే సినిమాలో పిల్లల్ని చంపే హంతకుడు ఎప్పుడూ ఈలతో ఒకే బాణీ వేస్తుంటాడు. చివరికి అతన్ని గుర్తుపట్టేది బుడగలు అమ్ముకునే గుడ్డివాడు, ఆ ఈల విని. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఒకావిడ రాత్రివేళ ఒంటరిగా నడుస్తూ ఉంటుంది, వెనక మరొకరి అడుగుల చప్పుడు. ఉన్నట్టుండి ఆ వెనక అడుగులు వినిపించడం మానేస్తాయి. తర్వాత బుస్సుమంటూ బస్సు వచ్చి ఆగినప్పుడు హాలంతా అదిరిపడిందని చెప్పుకుంటారు. ఆ బస్సుకు వచ్చిన పేరంతా నిజానికి ఆగిపోయిన అడుగులకు రావాలని నా అభిప్రాయం.

మన భాషలో చూస్తే, బెజవాడలోనే ఇంజనీరింగు చదివిన రాంగోపాల్ వర్మ 1992లో 'రాత్రి' తీశాడు. మణిశర్మ పాటల ద్వారా ప్రసిద్ధుడు కాకమునుపు నేపథ్యసంగీతం సమకూర్చిన సినిమా అది. 2003లో అదే దర్శకుడు హిందీలో తీసిన 'భూత్'లో పాటల్లేవు. సినిమాను ఇంట్లో ఉండే మామూలు చప్పుళ్ళ మీద నడిపించాలంటే పాటల్ని తీసి పక్కన పెట్టక తప్పదు మరి. అయితే నాకు ఈ విషయంలో గురువు దెయ్యాల సినిమా కానేకాదు. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'పుష్పక విమానం'. అందులో మాటల్లేవు గాని చప్పుళ్ళకు కొదవలేదు. సినిమాహాలు పక్కన ఇరుకు గదిలో బతికిన నిరుద్యోగి పెద్ద హోటల్లో మెత్తటి పరుపెక్కుతాడు. అతనికి నిద్ర పట్టదు. ఆ నిశ్శబ్దం భరించలేక, పాత చోటికి వెళ్ళి సినిమాహాలు రొదను టేపు మీద రికార్డు చేసి తెచ్చుకుని, అది పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. చూసి అందరం నవ్వుకున్నాం. మనిషికి ఇల్లంటే గోడల కంటే ముందు కొన్ని చప్పుళ్ళని ఆ ఘట్టం నాకు నేర్పింది. ఆ చప్పుళ్ళు లేని చోట ఎంత మెత్తటి పరుపైనా పరాయిదే.

తోడేలును వదులుకున్నాక మావాడు ఇంకో ఉపాయం పట్టుకొచ్చాడు. పందొమ్మిది హెర్ట్‌జ్‌ల నాదం వినిపిస్తే మనుషులకు కారణం లేకుండా దిగులు పుడుతుందట, దాన్ని సినిమా పొడుగునా అడుగున పరిచేద్దామన్నాడు. ఈ కబురుకు ఒక మూలం ఉంది. విక్ టాండీ అనే ఇంగ్లీషు ఇంజనీరు తాను పనిచేసే ప్రయోగశాలలో దెయ్యముందన్న పుకారుకు కారణం వెతికి, 1998లో ఒక వ్యాసం ప్రచురించాడు. కొత్తగా బిగించిన గాలిపంకా పుట్టించే, చెవికి అందని మంద్రనాదం గదిలో నిలబడిపోయిందనీ, పట్టకారులో బిగించిన కత్తి దానంతటదే ఊగడం చూసి పట్టుకున్నాననీ అతను రాశాడు. తర్వాతివారి ప్రయోగాల్లో ఫలితాలు అంత నిక్కచ్చిగా రాలేదు. అది అలా ఉంచినా, మావాడి సినిమాను జనం చూసేది ఫోన్లో. ఫోను స్పీకరు రెండు మూడు వందల హెర్ట్‌జ్‌ల దిగువన దాదాపు మూగది. పందొమ్మిదిని అది పలకలేదు. ఆ మాట చెబితే వాడి మొహం చిన్నబోయింది.

"అయితే మనకు మిగిలింది ఏంటి మావయ్యా?"

"గొళ్ళేలున్నాయి కదరా, నాలుగు."

గొళ్ళెం చప్పుడును ఎలా పట్టాలన్నది తర్వాతి ప్రశ్న. తేలిక దారి ఏమిటంటే మైకును తలుపు దగ్గర పెట్టి ఒక్కసారి రికార్డు చేసుకోవడం, దూరంగా వినిపించాలంటే ధ్వనిని తగ్గించడం. అలా చేస్తే దూరంలో ఉన్న గొళ్ళెంలా వినిపించదు, దగ్గరున్న చిన్న గొళ్ళెంలా వినిపిస్తుంది. దూరమంటే ధ్వని తగ్గడం ఒక్కటే కాదు. మధ్యలో ఉన్న గోడలూ తలుపులూ చప్పుడులోని పదునును, అంటే ఎగువ స్థాయి నాదాలను మింగేస్తాయి. సూటిగా వచ్చే చప్పుడు తగ్గి, గదుల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రతిధ్వని పాలు పెరుగుతుంది. అందుకని రికార్డరును చివరి గదిలో కుర్రాడు పడుకునే తలగడ మీద పెట్టాను. మావాణ్ణి వీధి తలుపు దగ్గరికి పంపించాను. వాడు గొళ్ళెం పెట్టి రెండుసార్లు లాగాలి, తర్వాత సావిడి తలుపు, తర్వాత వంటిల్లు. చెవిదుద్దుల్లాంటి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేను చీకట్లో కూర్చుని వినాలి.

ఏలూరు రోడ్డుకు అంత దగ్గరలో పగలు ఇలాంటి పని సాగదు. అర్ధరాత్రి దాటాక కూడా రైలుకూతలు వస్తూనే ఉంటాయి, జంక్షను కదా. రెండుంపావు, మూడు మధ్యన కాస్త ఎడం దొరికింది. ఇనుపగొళ్ళెం కొక్కేనికి తగిలినప్పటి 'టక్కు' మొదటి తలుపు దగ్గర్నుంచి వచ్చేసరికి దిండులో గుద్దినట్టుంది. రెండోది కొద్దిగా తేటపడింది. మూడో తలుపు దగ్గరికొచ్చేసరికి లోహం లోహంలా వినబడింది. ఆ తలుపులు వేస్తున్నది మా మేనల్లుడేనని తెలిసినా నా ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అయితే అది భయమని చెప్పలేను. నలభై ఏళ్ళ క్రితం వేసవి సెలవుల్లో అదే గదిలో చాపమీద పడుకుని, అవే చప్పుళ్ళు ఒకటొకటిగా దగ్గరికి రావడం వింటూ నిద్రలోకి జారుకున్నవాణ్ణి నేను. నాలుగోది వినేదాకా మెలకువగా ఉన్న రాత్రులు చాలా తక్కువ. ఆ చప్పుడు అప్పట్లో నాకు చెప్పింది ఒక్కటే: ఇంక నిద్రపో, ఇల్లు భద్రంగా ఉంది.

సినిమా ఎలా ఉండాలో నాకు ఆ క్షణంలో బోధపడింది. ప్రేక్షకుడికి ముందు గొళ్ళెం చప్పుడు మీద ప్రేమ కలగాలి. అందుకని మొదటి మూడు నిమిషాల్లో, కుర్రాడు చిన్నప్పటి సంగతులు తలుచుకునే ఘట్టంలో, నాలుగు తలుపుల చప్పుడూ పూర్తిగా వినిపించాం. ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, అమ్మమ్మ మువ్వంకెల కడియం మెల్లగా చప్పుడు చేస్తూ ఉంటుంది, గొళ్ళెం పడుతుంది, పిల్లవాడు పక్కకు తిరిగి పడుకుంటాడు. అక్కడ ఎవరికీ భయం వెయ్యకూడదు. అది జోలపాట. అదే జోలపాట ఏడో నిమిషంలో ఖాళీ ఇంట్లో మొదలైనప్పుడు దాన్ని మార్చవలసిన పనే ఉండదు.

ఇంక నిశ్శబ్దం. మూడో గొళ్ళెం పడ్డాక నాలుగోది రావాలి, రాదు. ఇరవై రెండు సెకన్లు ఏమీ జరగదు. ఈ 'ఏమీ' తయారుచేయడానికి మాకు వారం పట్టింది. శబ్దాన్ని పూర్తిగా తీసేస్తే ప్రేక్షకుడు స్పీకరు చెడిపోయిందనుకుంటాడు. వేసవిలో కరెంటు పోయినప్పటి క్షణాన్ని గుర్తుచేసుకోండి. అప్పటిదాకా వినిపిస్తున్నట్టే తెలియని ఫ్యానూ, పక్కింటి నీళ్ళ మోటారూ ఒక్కసారిగా ఆగిపోతాయి, ఇల్లంతా చెవులు రిక్కించినట్టుంటుంది. నిశ్శబ్దాన్ని వినిపించాలంటే అంతకుముందు నుంచీ ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. ఫ్యాను చప్పుడు, దూరపు వీధి రొద, కుక్క అరుపు, కీచురాయి, అన్నింటినీ ముందు పరిచి, రెండో గొళ్ళెం నుంచి ఒక్కొక్కటే తెలియకుండా తీసేశాం. చివరికి మిగిలింది ఖాళీ గది తనంతట తాను చేసే సన్నటి హోరు. ప్రతి గదికీ అలాంటి హోరు ఒకటి ఉంటుంది, సినిమావాళ్ళు దాన్ని రూమ్ టోన్ అంటారు. మన సినిమాల్లో చాలాకాలం మాటలన్నీ డబ్బింగు థియేటరులో మళ్ళీ చెప్పించుకోవడమే ఆనవాయితీ కావడంతో ఆ గదుల హోరంతా ఎవరికీ పట్టకుండా పోయింది. మా అమ్మమ్మగారి గది హోరు మాత్రం నా దగ్గర ఆరు నిమిషాలు ఉంది.

ఇంతలో మావాడికి క్యాసెట్టు దొరికింది. 1986లో మా మావయ్య కొత్తగా టేపురికార్డరు కొన్నప్పుడు అమ్మమ్మను ఏదైనా మాట్లాడమని బలవంతపెట్టి రికార్డు చేసినది. సిగ్గుపడి రెండు మూడు మాటలు చెప్పి, "ఇంక చాల్లే, పొద్దుపోయింది, తలుపులేసుకోండి" అంటుంది. మావాడు ఎగిరి గంతేశాడు. మూడో గొళ్ళెం తర్వాత నిశ్శబ్దంలోంచి "తలుపులేసుకోండి" అన్న ఆ అరిగిపోయిన గొంతు వస్తే! నిజం చెప్పాలంటే వాడు చూపించినప్పుడు నా గుండె ఝల్లుమంది. అంత బలంగా పనిచేసేది మా దగ్గర మరొకటి లేదు.

అమ్మను అడక్కుండా ఎలా? అమ్మ క్యాసెట్టు మొత్తం విన్నది. కాసేపు మాట్లాడలేదు.

"మా అమ్మ గొంతు విని నలుగురూ జడుసుకోవాలట్రా?" అంది.

"అలాక్కాదు అమ్మమ్మా, అది సినిమా కదా" అన్నాడు వాడు.

"సినిమాయే. గొంతు మా అమ్మది."

వాడు ఆ తాతమ్మను చూసినవాడు కాదు. వాడికి ఆవిడ ఒక ఫొటో, ఒక క్యాసెట్టు. రెండు రోజులు గింజుకున్నాడు. మూడోరోజు నేను వాడికి ఒక మాట చెప్పాను. గొంతు వినిపిస్తే ఆ వచ్చింది ఫలానా ముసలావిడ అని తేలిపోతుంది. చూసేవాడు ఆవిడ ఎవరో తనకు తెలియదు కాబట్టి ఊపిరి పీల్చుకుంటాడు. గొళ్ళెం ఒక్కటే వినిపిస్తే, ఆ చీకట్లో తలుపులు వేసుకుంటూ వచ్చేది ఎవరన్నది వాడివాడి ఇంటిని బట్టి ఉంటుంది. వాళ్ళ అమ్మమ్మను తీసేసి మన అమ్మమ్మను పెట్టడం దేనికి? మావాడు ఏమీ అనలేదు. ఆ సాయంత్రం క్యాసెట్టును పెట్టెలో పెట్టి తెచ్చి అమ్మ చేతికి ఇచ్చాడు.

ముగింపు కూడా అప్పుడే కుదిరింది. ఇరవై రెండు సెకన్లు చీకట్లో కూర్చున్న కుర్రాడు చివరికి తానే లేచి, దొడ్డితలుపుకు గొళ్ళెం పెట్టి, రెండుసార్లు లాగి చూస్తాడు. ఫ్యాను మళ్ళీ వినిపిస్తుంది. సినిమా అయిపోతుంది.

పాతికమంది పట్టే చిన్న హాల్లో మొదటిసారి వేశారు. మూడో గొళ్ళెం పడ్డాక ఎవరో కుర్చీలో కదిలితే ఆ కిర్రుకు ముందువరస మొత్తం వెనక్కి తిరిగి చూసింది. మావాడు నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. నేను తెరవైపు చూడలేదు, అమ్మవైపే చూస్తున్నాను. ఆవిడ మొదటినుంచీ కళ్ళు మూసుకునే ఉంది. మొహంలో భయం లేదు. ఇరవై రెండు సెకన్లు ఇంకా పూర్తికాకముందే నెమ్మదిగా, పక్కవాళ్ళకు మాత్రమే వినబడేట్టు అంది:

"దొడ్డితలుపు మరిచిపోయార్రా."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అపార్ట్‌మెంటుకు పిల్లర్లు లేచాయి. కొత్త తలుపులకు తాళాలు దగ్గరికి వెయ్యగానే వాటంతటవే పడతాయి, లాగి చూసే అవసరం ఉండదు. నా దగ్గర నాలుగు గొళ్ళేల చప్పుడూ, ఆరు నిమిషాల ఖాళీ గదీ ఉన్నాయి.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి చప్పుడు ఏదో ఒకటి ఉండే ఉంటుంది: నూతి గిలకో, ఉయ్యాలబల్ల గొలుసో, నాన్నగారు వీధిలోనే దగ్గే దగ్గో. ఫోను చేతిలోనే ఉంటుంది కదా, ఈ రాత్రికి ఒక్క నిమిషం రికార్డు చేసి పెట్టుకోండి. ఏ చప్పుడో ఇక్కడ చెబితే నేనూ వింటాను.